చావు వాయిదా పడిన కణం

నేను ఒక తెల్లకణాన్ని. రక్తపరీక్ష కాగితంలో ‘ఇస్నోఫిల్స్’ అని ఒక అంకె ఉంటుంది చూడండి, ఆ గుంపులోదాన్నే. పుట్టింది సువార్తమ్మ తుంటి ఎముక మూలుగలో. గుంటూరు దగ్గర కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే మనిషి ఆమె.

కడుపులో పురుగులు పడితే విషం చల్లడం మా పని. ఆ విషం గింజలు గింజలుగా మా ఒంట్లోనే ఉంటుంది. ఇప్పుడు పురుగులెక్కడివి? దుమ్ము రేగినా పురుగే అనుకుని ఊపిరితిత్తుల్లోకి పరుగెత్తుతాం.

చావడం కూడా మాకు నేర్పే పంపుతారు. నాలుగు రోజులు గడవగానే విషం ఒలకకుండా ముడుచుకుని, చిన్నచిన్న మూటలైపోతాం. ఊడ్చే కణం వచ్చి మింగేస్తుంది. మా వాళ్ళెందరో అలా పోయారు. ఎంత శుభ్రంగా పోయారనీ!

కానీ అలర్జీ చెలరేగిన చోట ‘ఉండు, ఇంకా ఉండు’ అని మాకో కబురు అందుతూ ఉంటుంది. ఆ కబురు నోరు నొక్కి మాకు చావు గుర్తుచేసేది డాక్టరిచ్చిన ఉబ్బసం పంపులోని మందు. ఆయాసం ఉన్నా లేకపోయినా రెండుపూటలా పీల్చమన్నాడు. నేను రాకముందు నెలంతా పీల్చిందట. హాయిగా మెట్లెక్కిందట. హాయి కలగడమే ఆమె కొంప ముంచింది.

“పంపేదే సువార్తా?” అని వదిన రాహేలు అడగడం పక్కటెముకల గుండా విన్నాను.

“పెట్లో పెట్టా వదినా. అలవాటైతే జన్మంతా వదలదంట. బాగున్న మనిషికి మందేంది?”

“రోజుకి నాలుగు టీలు తాగుతావు, అది అలవాటు గాదా? పీల్చవే తల్లీ.”

“ఆయాసమొచ్చిన్నాడు పీలుస్తాలే. నా దగ్గుకంటే నీ పోరు ఎక్కువైంది!”

ఇద్దరూ నవ్వారు. సువార్తమ్మ నవ్వు నా మీదుగానే వెళ్ళింది, వెచ్చగా.

మందు రాలేదు. కబురు ఆగలేదు. ఎప్పుడో పోవలసినదాన్ని పదో రోజుకీ ఉన్నాను. వెనకనుంచి కొత్తవాళ్ళు వచ్చి పడుతూనే ఉన్నారు. మేమున్న ఊపిరిగొట్టం గోడలు వాచి గాలిదారి సన్నబడింది.

పదకొండో రోజు మధ్యాహ్నం కల్లంలో పాత బస్తాలు విప్పారు. దుమ్ము ఒక్కసారిగా లోపలికి కొట్టింది. ముడుచుకునే వ్యవధి లేదు, కుండల్లా పగిలిపోయాం. విషమంతా ఆమె గోడల మీదే పడింది. నేనూ చిట్లాను, కొసప్రాణంతో ఉన్నాను.

సువార్తమ్మకు ఊపిరాడకపోవడం చూసి రాహేలు ఆమె ఇంటికి పరుగెత్తి పెట్టెలోని పంపు తెచ్చింది.

“పీల్చవే! సువార్తా, గట్టిగా పీల్చవే!”

పంపు నొక్కిన చప్పుడు వినబడింది. ఆ మందు పనిచేయాలంటే రోజులు పడతాయని పాపం ఇద్దరికీ తెలియదు. అసలది నా దాకా రావడానికి దారే లేదు.

“వదినా” అనబోయింది సువార్తమ్మ. ఆ మాటకు కావలసిన గాలి నా పక్కనుంచే పైకి వెళ్ళాలి. కాస్త కదిలింది. ఆగింది.

“ఏందే? ఏమంటన్నావే?” అంటూ రాహేలు తన చెవి ఆమె నోటికి ఆనించింది.