అతుకు పట్టీ మీద పేరు

కాగితానికి డబ్బులివ్వాలని సౌదీలో, ఖోబర్ అల్ అజీజియాలోని మన తెలుగువాళ్లందరికీ తెలుసు. ప్రింటర్ ఇంకుకు ఇవ్వాలని తెలుసు, కత్తెరకు ఇవ్వాలని తెలుసు. ఆ కాగితాన్ని ఎక్కడ కత్తిరించాలో గీత గీసిన మనిషికి ఎందుకివ్వాలన్నది మాత్రం ఇంతవరకు ఒక్కరికీ అంతుపట్టలేదు. ఆ మనిషిని నేనే.

నేను కాగితపు పూలకు నమూనాలు గీస్తాను. కంప్యూటర్లో గీసి ఆన్‌లైన్ అంగట్లో పెడతాను. కొన్నవాళ్లు ఫైలు దించుకుని, ప్రింటు తీసి, గీత వెంబడి కత్తిరించి, చుక్కల గీత మీద మడిచి అంటించుకుంటారు. నా భర్త లింబాద్రి ఒక కాంపౌండులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. ఇకామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో, నేను ఆయన డిపెండెంట్‌ని. ఇరుగుపొరుగు లెక్కలో, ఇంట్లో ఖాళీగా కూర్చుని బొమ్మలు గీసుకునే లింబాద్రి భార్యను. నా పేరు సృజన అని ఈ బిల్డింగులో ఎవరికైనా తెలుసో లేదో నాకు అనుమానమే.

ఈ ఏడు బతుకమ్మ నమూనా గీశాను. ఖోబర్‌లో తంగేడు లేదు, గునుగు లేదు. జగిత్యాలలో మా అమ్మ ముత్యవ్వ వీడియో కాల్‌లో తంగేడు కొమ్మ పట్టుకుని నిలబడితే, ఆమె చెయ్యి నొప్పి పుట్టి తిట్టేదాకా చూసి రేకులు గీశాను. గునుగు కోసం సన్నగా చీల్చిన కాగితాన్ని పుల్లకు చుట్టాల్సి వచ్చింది. మొత్తం ఐదు వరుసలు. ప్రతి వరుసకూ పైన ఒక అతుకు పట్టీ. దాన్ని లోపలికి మడిచి, సగం మళ్లీ కిందికి మడవాలి. అలా రెండు మడతలు పడితేనే పై వరుస బరువు దాని మీద ఆగుతుంది. ఆ పట్టీ చివర నా పేరు రాసుకున్నాను. మడిచాక అది లోపలికి పోతుంది, బతుకమ్మను బోర్లిస్తే తప్ప కనబడదు. అంత మర్యాదగా రాసుకున్నాను.

ఇక్కడి మన సంఘానికి అధ్యక్షుడు ప్రభాకరన్న. ఆయన భార్య కావ్యక్క ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు నడుపుతుంది. నమూనా ఒక్క కాపీ కొన్నది కావ్యక్కే, ఆ మాట ఒప్పుకోవాలి. ఈసారి పోటీలో అందరూ కాగితపు బతుకమ్మలే చేస్తారని, నమూనా గీసింది ఎవరో మైకులో చెబుతామని ప్రభాకరన్న మాటిచ్చాడు.

"నీ పేరు చెప్పకుంటే ఎట్ల చెల్లె? మొట్టమొదలు నీ పేరే చెప్త," అన్నాడు.

నాకు కావలసింది కూడా అదే. పదిమందిలో ఒక్కసారి, ఇది సృజన గీసింది అని ఎవరైనా నోరు తెరిచి అనాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాని కోసం ఎన్నేళ్లుగానో ఎదురుచూశాను.

ఆయన మాటిచ్చిన మర్నాడే నమూనా గ్రూపులో ప్రత్యక్షమైంది. 'మన సంఘం తరఫున, మన అందరి కోసం' అని రాసి, కింద దండాలు, పూలు, దీపాలు. కాగితాలు తెరిచి చూస్తే పై అంచులు లేవు. వెంటనే కావ్యక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఫైలు గ్రూపుల పెట్టినవ్ సరే. పైన అంచులేమైనయ్?"

"ప్రతి కాగితం మీద నీ పేరే ఉన్నది కద సృజనా. అందరు ఆడుకునే బతుకమ్మ మీద ఒక్కదాని పేరుంటే మంచిగుంటదా? అందుకే జర కోసేసిన. ఫోన్లనే అయిపోయింది."

"నువ్వు కోసింది అతుకు పట్టీ అక్కా. అది లేకుంటే వరుసలు ఆగయ్."

"సెల్లోటేప్ పెట్టుకుంటరు తీ. మా ఆయన నీ పేరు మైకుల చెప్తనే అన్నడు కద, ఇంకేంది?"

అతుకు పట్టీ లేకుండా చేయకండి, కావాలంటే నన్నడగండి అని గ్రూపులో రాశాను. బొటనవేళ్లు వచ్చాయి, దండాలు వచ్చాయి. అడిగినవాళ్లు మాత్రం లేరు. లింబాద్రి అన్నం తింటూ ఓదార్చాడు.

"ఫైలే కద. ఎంతమందికిచ్చినా నీ దగ్గర ఉంటనే ఉంటది."

"మరి నీ డ్యూటీ కూడ గట్లనే జీతం లేకుంట చెయ్యరాదు? ఎంత చేసినా చేతులు నీ దగ్గరనే ఉంటయ్ కద."

ఆయన పెరుగు కలుపుకోవడంలో మునిగిపోయాడు.

పండగ శుక్రవారం, అద్దెకు తీసుకున్న ఇస్తిరాహాలో. గోడలు ఎత్తుగా ఉన్న తోట ఇల్లు కాబట్టి పాటలు బయటికి పోవు. బతుకమ్మలన్నీ తెచ్చి ఆవరణ మధ్య పెట్టారు. కాగజ్, అదే కాగితం, మాత్రం ఈత కొలనులో వేయొద్దని కాపలా మనిషి మూడు భాషల్లో చెప్పి పోయాడు. దూరం నుంచి చూస్తే నా కళ్లే చెదిరాయి. అన్నీ నా తంగేడు రేకులే, నా గునుగు కుచ్చులే. ప్రతి బతుకమ్మ దగ్గరా ఒకావిడ నిలబడి, ఎన్ని రోజులు కష్టపడి చేసిందో పక్కావిడకు చెబుతోంది. ఒకామె నా దగ్గరికి వచ్చి, "నువ్వు గూడ గ్రూపుల దించుకున్నవా?" అని అడిగింది.

చప్పట్లు మొదలయ్యాయి. సముద్రం మీది నుంచి ఖోబర్ తడిగాలి లేచింది. ఆ గాలికి ఇనుమే తుప్పు పడుతుంది, సెల్లోటేప్ ఎంత. మొదట కావ్యక్క బతుకమ్మే మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిలా మెల్లగా ఒరిగి కూర్చుంది. తర్వాత దాని పక్కది. పాట ఆపడం అరిష్టమేమోనని ఎవరూ ఆపలేదు. ఉయ్యాలో అంటూనే వంగి ఒక చేత్తో వరుసలు పట్టుకున్నారు, ఇంకో చేత్తో తొడ మీద చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. దాచుకోకుండానే నవ్వాను.

ఆట అయ్యేసరికి నిలబడి ఉన్నది నాదొక్కటే. కావ్యక్క చేతిలో గునుగు కుచ్చుతో నా దగ్గరికి వచ్చింది.

"జర గట్టిగ చెప్తే అయిపోవు కద సృజనా. సరే తీ, అతుకుతోని మల్ల ఒకసారి పంపు. పేరు మాత్రం తీసెయ్."

"అది లోపటికి పోతది అక్కా, ఎవ్వలకు కనబడది. కనబడని పేరును గూడ ఓర్వకపోతిరి గదా," అన్నాను.

ఆమె సమాధానం చెప్పేలోపు ప్రభాకరన్న మైకు అందుకున్నాడు. సంఘం గొప్పదనం చెప్పాడు, ఆడపడుచుల ఐకమత్యం గురించి చెప్పాడు. ఆ తర్వాత, "ఫస్ట్ ప్రైజ్ మన లింబాద్రి శ్రీమతి గారికి," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. లింబాద్రి లేచి నమస్కారం పెట్టాడు.

నేను బతుకమ్మను ఎత్తుకుని వెళ్లి మైకు ముందున్న బల్ల మీద పెట్టాను. పసుపు గౌరమ్మను తీసి కళ్లకద్దుకుని పళ్లెంలో ఉంచాను. తర్వాత బతుకమ్మను బోర్లించాను. ఆడవాళ్ల మధ్య గుసగుసలు లేచాయి. ఒక్క రేకు కూడా ఊడలేదు. లోపల గుండ్రంగా, వరుస వరుసకూ మడిచిన పట్టీలు కనబడుతున్నాయి.

"గీసినోళ్ల పేరు చెప్తనంటివి కద అన్నా. మర్చిపోయినట్టున్నవ్. గిక్కడ రాసి ఉన్నది, చదువు."

ప్రభాకరన్న భార్య వైపు చూశాడు. ఆమె గునుగు కుచ్చు వైపు చూసింది. ఆయన వంగి, గొంతు సవరించుకుని, మైకులో చదివాడు.

"సృజన."

చదివి మైకు కింద పెట్టబోయాడు.

"ఆగన్నా, ఇంక నాలుగు వరుసలున్నయ్," అన్నాను.