డాక్టరుగారు ఆగమన్నారు

ఆస్పత్రిలో ఆ బల్ల సొరుగు ఎప్పుడూ సరిగా మూతపడదు. నర్సమ్మ దాన్ని తుంటితో ఒక్క తోపు తోసి, ఎదురుగా పాపనెత్తుకుని నిలబడ్డ తండ్రికి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఇది మామూలు జలుబు, దానికదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ చీటీ డాక్టరు రాసే ఉంచారు, ఇక్కడే సొరుగులో ఉంటుంది. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే వచ్చి పట్టుకెళ్ళాలి.

"రాసిన చీటీ ఇస్తే మీ సొమ్మేం పోయింది?" అతను ఒంటికాలిమీద లేచాడు.

"నా సొమ్మేం పోదు నాయనా. ఊరికే మింగిస్తే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచెయ్యదు."

ఈ మాట చెప్పీ చెప్పీ ఆమెకు దవడలు నొప్పి పుట్టాయి. చీటీ రాసేది డాక్టరు, తిట్లు తినేది నర్సమ్మ. ఇంట్లో మొగుడేమో నీకు ముక్కుమీదే కోపం అంటాడు. ఊరి తిట్లన్నీ మోసుకుని ఇల్లు చేరిన మనిషి పాటలు పాడుతుందా?

"ఆయాసం వస్తే మాత్రం ఆగకండి, వెంటనే..." అంటూనే ఆమె నోరు ఆగిపోయింది.

ఈరోజు ఆస్పత్రి ఊడ్చి తుడిచే ఆయమ్మ రాలేదు. పొద్దున తన దగ్గరుండే రెండో తాళంచెవితో తలుపు తీసిందీ, గచ్చు ఊడ్చిందీ నర్సమ్మే. చీపురు పట్టుకునే చోట ఆయమ్మ చుట్టుకున్న గుడ్డపేలిక చేతికి తగిలినప్పుడు, చెప్పాపెట్టకుండా మానేసిందని తిట్టుకుంది కూడా. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆయమ్మ చీటీ కూడా ఆ సొరుగులోనే ఉంది. నాలుగు రోజుల కిందట దగ్గుతుంటే నర్సమ్మే రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. డాక్టరు శ్రద్ధగానే చూశాడు. ఊపిరితిత్తులు బాగున్నాయి, ఆగి చూద్దాం అన్నాడు. ఆ రోజుకి అది సరైన మాటే. ఎప్పుడు ఆగకూడదో చెప్పడం నర్సమ్మ పని. ఊళ్ళో అందరికీ చెప్పింది, ఆయమ్మకు తప్ప. రోజూ ఇక్కడే తిరిగే మనిషి, వినీ వినీ కంఠతా వచ్చుంటుంది, ఆవిడకు మళ్ళీ చెప్పేదేముంది అనుకుంది.

నిన్న మెట్లు తుడుస్తూ ఆయమ్మ మధ్యలో కూలబడింది.

"ఏంటి ఆయమ్మా, మహారాణిలా కూర్చున్నావ్?"

"కాస్త ఆయాసమమ్మా. డాక్టరుగారు ఆగమన్నారుగా, తగ్గుద్దిలే."

లోపలినుంచి ఎవరో కేకేశారు. నర్సమ్మ ఆవిడ పక్కనుంచే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు తండ్రిని, పాపను పంపేసి తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది. "సార్, ఒక్కసారి ఆయమ్మ ఇంటికెళ్ళి చూసొస్తాను."

"ఇంతమందిని వదిలేసా? సాయంత్రం వెళ్దురుగాని సిస్టర్. నిన్న పనిచేసిందిగా, బాగానే ఉండుంటుంది."

ఆమె పళ్ళు కొరుక్కుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. లేచి వెళ్ళిపోతే ఎవడాపుతాడు? అయినా వెళ్ళలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగం ఆమెకు నేర్పిందదే. సూదులు గుచ్చింది, కట్లు కట్టింది, థర్మామీటరు కడిగింది, మధ్యమధ్యలో ఫోను చేస్తూనే ఉంది.

సాయంత్రం జనం పలచబడ్డాక డాక్టరు వచ్చి సొరుగు లాగాడు. గడువు దాటిన చీటీలు తీసి, పేర్లయినా చూడకుండా చింపసాగాడు. ముక్కలు కొన్ని బల్లమీద, కొన్ని గచ్చుమీద పడ్డాయి. "చూశారా సిస్టర్? ఎవరూ రాలేదంటే తగ్గిపోయినట్టే. మందు లేకుండానే!"

నర్సమ్మ సంచి భుజాన వేసుకుంది. అప్పుడే ఆయమ్మ భర్త గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఆయమ్మ దగ్గరుండే ఆస్పత్రి తాళంచెవులున్నాయి.

"రాత్రి పోయిందమ్మా," అన్నాడు. "ఇక్కడికే తీసుకొద్దామంటే వినలేదు. డాక్టరుగారు ఆగమన్నారు, ఆయన మాట కాదంటే బాగుండదంది."

డాక్టరు చేతుల్లో సగం చింపిన చీటీ ఉండిపోయింది. "అయ్యో, మాకొక్క మాట చెప్పాల్సింది..."

నర్సమ్మ ఆయన వైపు తిరిగింది.

"చెప్పింది సార్. ఆయాసంగా ఉందని నాకే చెప్పింది. నిన్న ఆవిడ కూర్చునుండగానే మీరూ ఆ మెట్లెక్కే వచ్చారు. ఇద్దరం దాటుకుని పోయాం." చింపిన ముక్కలవైపు వేలు చూపించింది. "ఎవరూ రాకపోతే తగ్గినట్టేనా? పోయినవాళ్ళు కూడా రారు సార్!"

ఆయన నేలవంక చూశాడు. చింపిన వాటిలో ఆయమ్మ చీటీ కూడా ఉంది.

నర్సమ్మ తాళంచెవులు తీసుకుని ఆ ముసలాయన వెంట మెట్లు దిగింది. గచ్చుమీద ముక్కలు అలాగే ఉన్నాయి. తలుపు మూల చీపురు ఆనించి ఉంది, దాని పిడికి చుట్టిన గుడ్డపేలిక ఆయమ్మ వేళ్ళు పట్టే చోట నల్లబడి ఉంది.