తడి గోనె

మా ఆయనను పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు. ఆసామి గుమాస్తా గుమ్మంలో నిలబడి, "రేపు పొద్దున ట్రాక్టరు వస్తుంది, పొలంలోకి ఎవరూ రావద్దు" అన్నాడు.

అడవి నరికి కలప అమ్ముకున్నాక ఆసామికి మిగిలింది మొద్దుల నేల. "మొద్దులు తీసేసి పదేళ్లు దున్నుకోండి" అని మా ఇరవై ఇళ్లవాళ్ల ముందు తనే అన్నాడు. గొడ్డళ్లతో ఏడాదికి ఎకరం కూడా తేలలేదు. అప్పుడు కమ్మరి అయిన మా ఆయన పాత లారీ గేరుపెట్టెకు పిడి బిగించి, ఇనుప వైరు చుట్టి యంత్రం తయారుచేశాడు. వైరు కొస మొద్దుకు కట్టి నలుగురు పిడి తిప్పితే, వేళ్లు పటపటా తెగి మొద్దు లేచేది.

"నీ మొగుడు భూమికి పళ్లు పీకే డాక్టరే!" అని మా పెద్దత్త నవ్వేది.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. లాగేముందు వైరు మీద తడి గోనె పరవాలి. వైరు తెగితే కొరడాలా ఎగురుతుంది. గోనె బరువుంటే నేలకు పడుతుంది. గోనె తడపడం నా పని.

ఆయన చివరి రోజు ఎండ మండిపోతోంది. తాగే నీళ్లు కాగిపోతున్నాయని గోనె తీసి కుండ మీద కప్పాను.

"గోనె ఏదే?"

"ఒక్క మొద్దే కదా, కానివ్వండి."

నేనే అన్నాను ఆ మాట. ఆయన నవ్వి పిడి పట్టుకున్నాడు. మొద్దు లేచింది. వైరు తెగింది.

గుమాస్తా మాట విని అందరూ మా వాకిట్లో చేరారు.

"మాటిచ్చాడు కదయ్యా!" అంది పెద్దత్త.

"కాగితం ఉందా? అయినా ఆసామి దయగలవాడు. కూలికి మిమ్మల్నే పెట్టుకుంటాడు" అనేసి గుమాస్తా వెళ్లిపోయాడు.

"కూలికైనా ఒప్పుకుందాం, పిల్లలున్నారు" అన్నాడు వడ్రంగి.

"నీ పిల్లలకి కూడా కూలే రాసిపెడతావా?" పెద్దత్త లేచింది.

అరుపులు పెరిగాయి. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"గోనె తీసింది నేను" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. ఆసామి నోటిమాట నమ్మినప్పుడు మనందరం అలాగే అనుకున్నాం. ఇంక అనుకోవద్దు. పీకిన మొద్దులన్నీ గట్టు పక్కనే ఉన్నాయి. ట్రాక్టరు రావడానికి బండిదారి ఒక్కటే."

వడ్రంగి లేచి నిలబడ్డాడు. "తెగిన వైరు నేను ముడేస్తాను వదినా" అన్నాడు.

తెల్లవారేసరికి యంత్రం దారి పక్కన ఉంది. ఎనిమిది చిన్న మొద్దులు చేతులతోనే దొర్లించి దారికి అడ్డంగా వేశాం. అన్నిట్లోకి పెద్దదైన తొమ్మిదోదానికి వైరు కడుతుండగా ట్రాక్టరు, వెనకాలే పోలీసుల జీపు వచ్చి ఆగాయి.

"పిడి తిప్పినవాణ్ణి లోపలేస్తాం!" అని అరిచాడు ఒక పోలీసు.

"ఎంతమందిని వేస్తారు నాయనా? ఇక్కడ పిడి పట్టుకోడానికే చోటు చాలట్లేదు" అంది పెద్దత్త, వడ్రంగిని మోచేత్తో తోసి జాగా చేసుకుంటూ.

గోనె ఆయన పోయిన రోజు నుంచి కుండ మీదే ఎండి అట్టకట్టింది. దాన్ని నీళ్లలో ముంచాను. పిండకుండా తెచ్చి, ముడి దగ్గర వైరు మీద పరిచాను. రెండోసారి సర్దాను.

"ఇప్పుడు తిప్పండి" అన్నాను.