మూల అన్న మాట

అత్తగారు రోజూ పొద్దున్నే కోడలి బల్ల పక్కన చీపురు పెడుతుంది. కోడలు ఇంగ్లీషు కాగితాల్ని స్పానిష్‌లోకి మారుస్తుంది. ఆమె రాసిన మాట ఏదైనా సరే గదిలోకి వచ్చేస్తుంది. మొన్న "ఇసుక" రాసింది. అది ఇంకా పళ్ళకింద పడుతూనే ఉంది.

ఆ రోజు పుస్తకాల గోడౌను కాపలామనిషి వాంగ్మూలం వచ్చింది. డ్యూటీలో గేటు వదిలి వెళ్ళిందని ఆమె ఉద్యోగం తీసెయ్యబోతున్నారు. ఇంగ్లీషులో రాసి ఉన్నది ఒకే వాక్యం: "నేను కార్నర్‌లో ఉన్నాను." హెడ్డాఫీసు వాళ్ళు చదివేది స్పానిష్ ఒక్కటే. మధ్యాహ్నంలోగా పోస్టులో పడాలి.

కోడలు "ఎస్కీనా" అని రాసింది. అంతే, దుమ్ము, హారన్లు, సర్రున ఒక గాలి.

"నట్టింట్లోకి వీధి మలుపు తెచ్చావేమే!" అని అత్తగారు చీపురందుకుంది.

ఏ కార్నరని పని ఇచ్చిన ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే, "ఏదో ఒకటి రాసి పడెయ్యండి మేడం," అన్నారు. కోడలికి ఒళ్ళు మండింది. ఒక మనిషి బతుకు ఏదో ఒకటి ఎలా అవుతుంది? కాపలామనిషినే ఇంటికి పిలిపించింది.

ఆ ముసలామె దుమ్ములో నిలబడి తల అడ్డంగా ఊపింది. "నేను గేటు దాటలేదమ్మా."

కోడలు ఆ మాట కొట్టేసి, లోపలి మూలకి స్పానిష్‌లో ఉన్న వేరే మాట, "రింకోన్" అని రాసింది. గోల ఆగిపోయింది. గది మూల చీకటిపడి, తడిగోడ వాసన వేసింది. ముసలామె నేరుగా అక్కడికి నడిచి రెండు అరచేతులూ గోడకి అదిమింది.

"ఇక్కడేనమ్మా. పైపు పగిలింది. చేతులు తీస్తే పుస్తకాలన్నీ నానిపోయేవి. సాయంత్రం దాకా ఇలాగే ఉన్నా."

"మరి చెప్పలేదేం పెద్దమ్మా?"

"ఎక్కడున్నావన్నారు. మూలనున్నానన్నా. ఎందుకని ఎవరడిగారు?"

వాంగ్మూలంలో లేనిది చేర్చే హక్కు అనువాదకురాలికి లేదు. ఉన్న ఒక్క మాటే ఆ బరువంతా మొయ్యాలి. కోడలు దాన్ని ఒత్తి, స్పష్టంగా మళ్ళీ రాసి, కవరు అంటించి, తనే పోస్టాఫీసుకి పరిగెత్తింది.

వారం తిరిగేసరికి జవాబొచ్చింది: కాపలామనిషి పనిలోనే ఉంటుంది, గోడౌనుకి కొత్త పైపు వేస్తారు. ఆ ఉత్తరం తడితడిగా ఉంటే అత్తగారు తీగమీద ఆరేసింది.

తర్వాత తెలిసింది. హెడ్డాఫీసు పెద్దాయన ఆ కవరు విప్పింది మొదలు సాయంత్రం దాకా తన గది మూల నీళ్ళు చిమ్మే గోడకి రెండు చేతులూ అదిమిపెట్టి నిలబడ్డాడట. తొలగింపు కాగితం బల్లమీదే ఉంది. సంతకం పెట్టడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.