మెదడు పంపిన కబురు

జిమ్ములో అతన్ని అందరూ కొండ అనేవారు. గుమ్మం దాటాలంటే ఒక భుజాన్ని ముందు పంపి రెండోదాన్ని తర్వాత రప్పించుకోవాలి, అంత మనిషి. ఆ కండల్లో కొంత ఇనుము ఎత్తి సంపాదించింది, కొంత సూదితో ఎక్కించుకున్నది. అతని దగ్గర శిక్షణకు వచ్చేవాళ్ళలో ఆ సంగతి తెలియనివాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవారు. తెలిసినవాళ్ళు పక్కకు పిలిచి మందు పేరు అడిగేవారు.

భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. బజారులో దొరికే చొక్కా ఏదీ అతనికి పట్టదు గనక అతని చొక్కాలన్నీ ఆమె చేతివే. ఇద్దరికీ పిల్లలంటే ప్రాణం. ఎన్నాళ్ళు చూసినా కడుపు పండలేదు. పరీక్షలు చేయించుకుంటే ఆమెలో ఏ లోపమూ లేదన్నారు. ఇక మిగిలింది కొండే.

డాక్టరమ్మ నిలబడితే అతని మోచేతి దాకా వస్తుంది. అయినా ఆవిడ ముందు కొండ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

"సూదులు ఎప్పటి నుంచి?" అందావిడ, రిపోర్టు మీంచి తల ఎత్తకుండానే. అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"చూడు నాయనా. నువ్వు ఎక్కించుకునే ఆ మగ హార్మోను ఒంట్లో తయారయ్యేది కింద, వృషణాల్లో. తయారుచెయ్యమని కబురు పంపేది మెదడు. నువ్వు బయటి నుంచి సరుకు దించేస్తుంటే, ఇక నేనెందుకని మెదడు కబురు మానేసింది. కింద పని ఆగిపోయింది. నీ వీర్యంలో కణాలే లేవు."

"మళ్ళీ మొదలవుతుందా డాక్టరమ్మా?"

"చాలామందికి అవుతుంది. నెలలు పడుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు. నీకు కచ్చితంగా అవుతుందని మాత్రం నేను మాటివ్వలేను. సూది మానెయ్, నేను రమ్మన్నప్పుడు వచ్చి రక్తం ఇవ్వు."

మానేశాడు. మానేశాక తెలిసింది అసలు కష్టం. పొద్దున మంచం దిగడానికే ఓపిక ఉండేది కాదు. ఊరికే ఏడుపొచ్చేది, అది కూడా టీవీలో సబ్బుల ప్రకటన చూసి. భుజాలు జారాయి. "ఏం కొండన్నా, ఒంట్లో బాలేదా?" అని జిమ్ములో పలకరింపులు మొదలయ్యాయి. అడిగినవాళ్ళలో కొందరు మర్నాటి నుంచి పక్క ట్రైనర్ దగ్గర తేలారు.

చొక్కాలు వేలాడుతుంటే భార్య ఒక్కొక్కటే బిగించేది. మిగిలిన గుడ్డను మాత్రం కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టేది.

"కత్తిరించెయ్. నేనింకా పెరుగుతానా?" అన్నాడు కొండ.

"ఉండనివ్వండి. గుడ్డేమన్నా అన్నం అడుగుతుందా?" అందామె.

రక్తపరీక్ష దగ్గరపడింది. పరీక్ష అనగానే కొండ బుర్ర తను దిగే కండల పోటీల వైపు పరుగెత్తింది. వేదిక ఎక్కే ముందు ఒంటికి మెరుగులు దిద్దుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. అంకె ఎంత పెద్దదైతే డాక్టరమ్మకు అంత సంతోషం, ఇంట్లో ఆమెకు అంతకు రెట్టింపు. అలమరలో అడుగున దాచిన సీసాల్లో ఒకటి తీసి, ఒకే ఒక్క సూది వేసుకున్నాడు. ఇంత తెలివి పోటీలకు అలవాటుపడ్డ బుర్రలకే వస్తుంది.

డాక్టరమ్మ రిపోర్టు అతని వైపు తిప్పింది. "హార్మోను ఆకాశాన్ని అంటుతోంది. మెదడు పంపే కబురూ రక్తంలో తెలుస్తుంది, అది మాత్రం సున్నా. కబురే లేకుండా సరుకు ఎక్కడి నుంచి ఊడిపడిందయ్యా?"

"ఒక్కటే వేసుకున్నాను" అన్నాడు కొండ.

"మెదడు అప్పుడే కళ్ళు తెరుస్తోందేమో. జోకొట్టి మళ్ళీ పడుకోబెట్టావు. మళ్ళీ మొదటికొచ్చాం."

ఇంటికెళ్ళి తనే చెప్పాడు. మిషను ఆగింది. "ఎదురుచూస్తున్నది మీరొక్కరేనా?" అందామె. కొండ ఆ సీసాలన్నీ తెచ్చి ఆమె కళ్ళెదుటే సింకులో ఒంపేశాడు. అయినా ఆ తర్వాతి చొక్కాలోనూ మిగులు గుడ్డ మడతలోనే ఉంది. అతను మళ్ళీ సూది పట్టి ఉబ్బుతాడని ఆమె భయం. ఆ సంగతి ఇప్పటికి తలకెక్కి కొండకు సిగ్గుతో ముఖం కందిపోయింది.

నెలలు నెలలు గడిచాయి. ఈసారి ఏ మెరుగులూ దిద్దుకోకుండా, వాడిన ముఖంతోనే రక్తం ఇచ్చాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "కబురు వచ్చింది" అంది. "చిన్న అంకే. కానీ సున్నా కాదు. హార్మోను కూడా నీ సొంతం, కాస్త లేస్తోంది. పిల్లల సంగతి ఇప్పుడే చెప్పలేను."

"నేనేం చేశానని?"

"ఏమీ చెయ్యకుండా ఉన్నావు. అదే కావాల్సింది."

వీధిలోకి వచ్చాక కొండ ఒక షాపు మెట్ల మీద కూర్చున్నాడు. తన ఒంట్లో అంగుళం అంగుళం తనే కట్టానని ఇన్నేళ్ళూ గర్వపడ్డాడు. లోపల ఎవరో ఉన్నారని, ఆ ఎవరినో తను పని మాన్పించి మూలన కూర్చోబెట్టానని, మోసం కూడా చేశానని ఇప్పుడు తెలుస్తోంది. అయినా ఆ లోపలివాళ్ళు అలగలేదు. ఎవరూ బతిమాలకుండానే లేచి పనిలోకి దిగారు. ఎంత ఇనుము ఎత్తినా రాని భయభక్తులు ఆ చిన్న అంకెను తలచుకుంటే వచ్చాయి. తన ఛాతీ మీద చెయ్యి వెయ్యడానికి కూడా అతనికి బెరుకుగా అనిపించింది.

ఇంట్లో చెబితే భార్య కుర్చీలోంచి లేచి అతని నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. "ఇక్కణ్ణుంచేనా కబురు?"

"అక్కణ్ణుంచేనట."

"ఇప్పుడు కూడా పంపుతోందా?"

"ఇప్పుడూ పంపుతూనే ఉంటుందట. మనం నిద్రపోతున్నా ఆపదట."

ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత అతన్ని చొక్కా విప్పమని, దాన్ని తీసుకుని, లోపలి మడతలు విప్పి, కత్తెర తీసి మిగులు గుడ్డ బారునా కత్తిరించేసింది.

"అన్నం అడగదన్నావుగా?" అన్నాడు కొండ.

"ఇక అక్కర్లేదులెండి" అందామె.

కత్తిరించిన ముక్కల్ని పారెయ్యలేదు. నలగకుండా ఇస్త్రీ చేసి మడిచి అలమరలో తన చీరల మధ్య పెట్టింది. చిన్న ముక్కలే. దేనికని అతను అడగలేదు.