చివరి బుడగ

గాలితాత మాటల్లో సగం గాలి, సగం నిజం అని వీధిలో అందరికీ తెలుసు. ఏ సగం ఏదో మాత్రం ఒక్కరికీ తెలియదు. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆయనకు పంక్చర్ల షాపు ఉంది. పొద్దస్తమానం టైర్లకు గాలి కొట్టి కొట్టి, అందులో కొంత నాలుకకు ఎక్కిందని కూతురు దెప్పుతూ ఉంటుంది.

"కంప్రెసర్ చెడిపోయిన రోజు నోటితో ఊదాల్సింది నేనే కదటే! సాధన తప్పకూడదు" అంటాడాయన.

షాపు వెనకే ఇల్లు. రెంటికీ మధ్య ఒక గడప, గడప మీద ఒక గుడ్డ తెర. కూతురు లోపలి గదిలో కుట్టుమిషను తొక్కుతుంది. ఆమె తమ్ముడు తండ్రితో పాటు షాపులో పానాలు పడతాడు. లారీ స్టీరింగు వదిలి ఏళ్లు గడిచినా అతణ్ని అందరూ డ్రైవరనే పిలుస్తారు. పేరు కూడా ప్యాచ్ లాంటిదే, సరిగ్గా అంటుకుంటే ఊడదు. ఇక నాలుగో మనిషి డ్రైవరు కూతురు. తల్లి లేని పిల్ల. మేనత్త పెంచింది, తాత చెడగొట్టాడు. "పిడుగు" అని పిలవడం కూడా తాత పనే.

డ్రైవరు మితభాషి. పెరట్లో పంపు కారుతుంటే మాత్రం ఊరుకోడు. ఎవరు వదిలారని కేకలేసి, పరిగెత్తి కట్టేసి వస్తాడు. నీళ్లంటే అంత పొదుపు కాబోలని ఇంటికొచ్చిన వాళ్లు మెచ్చుకునేవారు. సంగతి అది కాదు. పిడుగు పుట్టిన మర్నాడు వరద తగ్గాక అతను ఇంటికి పరుగున వచ్చేసరికి, పెరట్లో పంపు ధారగా పోతూ ఉంది. చుట్టూ మనిషి లేడు. అతను ఆగి, దాన్ని కట్టేసి, అప్పుడు లోపలికి వెళ్లాడు. లోపల భార్య మీద దుప్పటి కప్పి ఉంది. అంతటి రోజున తాను పంపు కట్టడానికి ఆగానన్న మాట గుండెలో మేకులా దిగిపోయింది.

ఇప్పుడు ఆ ఇంటి ఆనవాయితీ చెప్పాలి. ఎవరు మొదలుపెట్టారని అడిగితే, చక్రం కనిపెట్టినవాడి మేనమామ అంటాడు గాలితాత. పిల్లల పుట్టినరోజు వస్తే కేకు ఏ ఇంట్లోనైనా కోస్తారు. వీళ్లింట్లోనూ కోస్తారు, కానీ అది తరవాత. ముందు షాపు షట్టరు సగం దించుతారు. పెద్ద లారీ టైరు ఒకటి నేల మీద పడుకోబెట్టి, అందులో పిల్లను కూర్చోబెడతారు. పక్కన చిల్లులు వెతికే నీళ్లతొట్టి పెడతారు, ట్యూబు ముంచితే బుడగ లేచినచోటే చిల్లు ఉన్నట్టు. ఇంటిపెద్ద ఆ పిల్ల పుట్టిన రోజు కథ ఎత్తుకుంటాడు. ఆ కథనిండా అబద్ధాలు దాగి ఉంటాయి. వినేటప్పుడు ఏ మాట దగ్గర అనుమానం తగిలితే అక్కడ తొట్టిలో చెయ్యి ముంచి, చెప్పేవాడి మొహం మీద నీళ్లు చిలకరించి "బుడగ!" అని అరవాలి. ఏడాదికి ఒక్కసారే. అరిచాక పెద్దవాళ్లు మాట దాటెయ్యకూడదు. అది నిజమే అయితే పిల్ల ఓడినట్టు. అబద్ధమైతే "బుడగే" అని ఒప్పుకుని, ఆ ముక్కను మళ్లీ జన్మలో పలకకూడదు. అలా పిల్ల పెరిగేకొద్దీ కథ చిక్కిపోతూ వస్తుంది. ఆఖరి బుడగ కూడా పోయాక మిగిలేది జరిగింది జరిగినట్టు. అప్పుడు పిల్ల టైరులోంచి లేచి తన కథ తనే చెప్పాలి. ఇన్నేళ్లూ చెప్పిన పెద్దమనిషి ఆ టైరులో కూర్చుని నోరు మూసుకుని వినాలి.

డ్రైవరు చిన్నతనంలో అతని కథలో ఆఖరున దొరికిన అబద్ధం, "నువ్వు పుట్టినప్పుడు నేను ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టుకోలేదు" అన్నది. దాన్ని వదులుకోవడానికి గాలితాత వారం రోజులు మూతి ముడుచుకున్నాడు. పెద్దవాళ్లు తమకు ప్రియమైనదాన్నే అడుగున దాస్తారని డ్రైవరుకు ఆనాడే తెలిసింది.

పిడుగు కథ మొదట్లో మహా వైభవంగా ఉండేది. ఆ రోజు వరదలో ఒక మొసలి రోడ్డు మీద ఈదుకుంటూ వచ్చి, షాపు ముందు ఆగి, తోకకు ప్యాచ్ వేయించుకుని వెళ్లింది. పిడుగు పళ్లతో పుట్టి నర్సమ్మ వేలు కొరికింది. ఆమె మొదటి ఏడుపుకి షాపులో ఉన్న టైర్లన్నీ వాటంతటవే గాలెక్కి లేచి నిలబడ్డాయి. ఒక్కొక్క ఏడూ ఒక్కొక్కటి రాలిపోయింది. ఒక ఏడు మాత్రం, నర్సమ్మ లారీ ట్యూబు మీద కూర్చుని వరద దాటి వచ్చిందన్నచోట పిడుగు అరిచి ఓడిపోయింది. అది నిజం. ఆ నర్సమ్మే పనిగట్టుకుని షాపుకి వచ్చి, ట్యూబును తోసింది తాతేననీ, దారిలో ముంచాడు కూడాననీ సాక్ష్యం చెప్పి పోయింది.

పోయిన ఏడు కథ ముగిశాక గాలితాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ "ఇక ఒక్కటే మిగిలిందే పిడుగూ" అన్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు.

ఆ మాట ఏడాది పొడుగునా డ్రైవరుకు కంట్లో నలుసై కూర్చుంది. ఈసారి పుట్టినరోజు పొద్దున లారీ చక్రం విప్పుతూ మనసులో కథంతా తిప్పి చూశాడు. వాన నిజం. వంతెన మునగడం నిజం. అవతలి ఒడ్డున లారీతో ఇరుక్కున్నది తనే. నర్సమ్మ సంగతి తేలిపోయింది. పొయ్యి మీద నీళ్లు కాచింది అక్క. మరి మిగిలిందేమిటి?

మిగిలింది ఒక్క మాట. "మీ అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని, కళ్లారా చూసి, నవ్వి, అచ్చం వాళ్ల నాన్న ముక్కే అంది."

పానా జారి వేలి కణుపులు చక్రానికి కొట్టుకున్నాయి. వరద తగ్గి ఇంటికి వచ్చిన ఆనాడు గడపలో తండ్రి అతనికి చెప్పిన మొదటి మాట అదే. దానిమీదే ఇన్నేళ్లూ బతికాడు. ఆమె పోతూ పోతూ బిడ్డలో అతణ్నే చూసింది, నవ్వింది. రెండో పెళ్లి మాట ఎత్తినవాళ్లకు అతను జవాబు చెప్పేవాడు కాదు. ఊరికే ముక్కు తడుముకునేవాడు.

"నాన్నా" అన్నాడు తలెత్తకుండా. "ఈ ఏడు కథలో కొత్తది ఏదైనా కలపకూడదూ? మళ్లీ ఆ మొసలినే తీసుకురా."

"దానికి ప్యాచ్ వేసి పంపించేశాంగా. గట్టి ప్యాచ్, ఇక తిరిగి రాదు."

"నవ్వులాట కాదు. అప్పుడే అయిపోతే ఎలా? అదింకా చిన్నపిల్ల."

గాలితాత ట్యూబును రుద్దుతున్న ఆకురాయి పక్కన పెట్టాడు. "కొత్తగా చిల్లులు పొడవకూడదురా. ఆ పని చేసే షాపులు వేరే ఉంటాయి, రోడ్డు మీద మేకులు చల్లేవి. మనం చిల్లు వెతికేవాళ్లం." గొంతు తగ్గించి అన్నాడు. "అది పట్టుకోకుండా ఉంటే బాగుండునని నాకూ ఉందిరా."

ఏది అని డ్రైవరు అడగలేదు. పానా తీసి మళ్లీ నట్టుకు తగిలించాడు.

సాయంత్రం షట్టరు సగం దిగింది. పిడుగుకి ఇప్పుడు టైరు ఇరుకైంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"ఇంకో ఏడు ఆగితే నిన్ను బయటికి తీయడానికి జాకీ పెట్టాలే" అంది మేనత్త.

"నీకైతే రెండు పెట్టాలి అత్తా."

"చూశావా తమ్ముడూ, పెంచిన పుణ్యానికి!"

డ్రైవరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గాలితాత గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. వాన వచ్చింది. వంతెన మునిగింది. నర్సమ్మ ట్యూబెక్కింది, రెండు మునకలూ వేసింది. మేనత్త నీళ్లు కాచింది. ఏ మాటకు ఆ మాటే, మొసళ్లూ పళ్లూ లేకపోయినా ముసలాయన చెబుతుంటే గదిలో వాన పడుతున్నట్టే ఉంది. పిడుగు పుట్టింది. కథ ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. గాలితాత దాన్ని గబగబా దాటించబోయాడు, పోలీసు ఉన్న మలుపులో లారీ దాటించినట్టు.

"బుడగ."

అరవలేదు. మెల్లగా అంది. నీళ్లు చల్లలేదు, తొట్టిలో ముంచిన చెయ్యి అలాగే ఉంచింది.

"ఏ మాట?" అన్నాడు తాత.

"నాన్న ముక్కు అన్న మాట. నా ముక్కు నాన్నది కాదు తాతా. ఫోటోలో అమ్మ ముక్కు పక్కన అద్దం పెట్టుకుని చూశాను. అమ్మదే. నన్ను చూసుంటే అమ్మ ఆ మాట అనదు." తండ్రి వైపు చూడకుండా అడిగింది. "అమ్మ నన్ను చూడలేదు కదూ?"

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాలితాత కొడుకు వైపు చూశాడు. ఆ చూపు డ్రైవరుకు అర్థమైంది. వద్దు అని ఒక్క సైగ చేస్తే చాలు, ముసలాయన ఆనవాయితీ మట్టిలో కలిపేసి అబద్ధమాడతాడు. టైరులో పిల్ల మోకాళ్లు కావలించుకుని ఎదురుచూస్తోంది. ఆమెకున్న కథ అదొక్కటే. దాంట్లో తన కోసం ఒక చిల్లు ఉంచమని ఎలా అంటాడు? డ్రైవరు తల దించుకున్నాడు. సైగ చేయలేదు.

"బుడగే" అన్నాడు గాలితాత.

డ్రైవరు షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్లాడు. పొద్దున విప్పి మళ్లీ ఎక్కించిన చక్రం ముందు గొంతుక్కూర్చుని, బిగించి ఉన్న నట్లనే మళ్లీ బిగించసాగాడు. చేతులు మోచేతులదాకా నల్లబడ్డాయి. కాసేపటికి తండ్రి వచ్చి టైరు మీద కూర్చున్న చప్పుడైంది.

"నవ్విందన్నావు నాన్నా."

"అన్నాను."

"మరి ఏం జరిగింది?"

గాలితాత మాటలు వెతుక్కోవడం డ్రైవరు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"పాప పుట్టాక తనకు కళ్లు తెరుచుకోలేదురా. వచ్చాడా మామయ్యా, వచ్చాడా అని అడుగుతూనే ఉంది. వంతెన మునిగిందని ఎలా చెప్పను? వచ్చాడమ్మా, చేతులు కడుక్కుంటున్నాడు, గ్రీజు చేతులతో పాపను ముట్టుకోడు కదా అన్నాను."

పానా చప్పుడు ఆగింది.

"నమ్మిందా?"

"బాగా కడుక్కోమనండి, సబ్బు గూట్లో ఉంది అంది. నాకు భయమేసింది. నీళ్ల చప్పుడు లేకపోతే కనిపెట్టేస్తుందేమోనని పెరట్లోకి పోయి పంపు విప్పాను. కిటికీ పక్కనే కదా. వాన చప్పుడులోనూ వినిపించాలని ఇంత ధారగా విప్పాను. అది వింటూ వింటూ ఊపిరి వదిలేసింది. ఆ తరవాత దాన్ని కట్టడానికి నాకు చేతులు రాలేదురా. ఎవరో కట్టేశారు."

ఎవరు కట్టారో డ్రైవరుకు తెలుసు.

"ఇదే చెప్పొచ్చుగా నాకు" అన్నాడు.

"చెబితే నువ్వు బతుకంతా ఆ పంపు దగ్గరే నిలబడిపోతావనుకున్నాను. నవ్వు అయితే వెంట తీసుకుపోతావని. నాకు వచ్చింది అదొక్కటేగా, కట్టుకథలు. నీకు పనికొస్తుందనుకున్నాను."

"పనికొచ్చింది" అన్నాడు డ్రైవరు.

అతను లేచి షాపులోకి వచ్చాడు. పిడుగు టైరులోంచి లేచి బయట నిలబడి ఉంది. ఏడ్చిందో లేదో వెలుగు చాలక తెలియలేదు. తండ్రిని చూసి, దగ్గరికి రాబోయి, అతని చేతుల దగ్గర ఆగిపోయింది.

"ఛీ, ఏమిటా గ్రీజు! నా పుట్టినరోజు బట్టలు నాన్నా! ముందు వెళ్లి కడుక్కునిరా."

డ్రైవరు కదల్లేదు. కూతురి ముక్కు వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నవాడిలా. ఆ సన్నటి ముక్కులో తనది ఇసుమంత లేదు. ఇంతకాలం ఎలా కనబడిందో!

"సబ్బుతో" అంది పిడుగు.

"గూట్లో ఉంది, తెలుసు" అన్నాడు.

పెరట్లోకి వెళ్లి పంపు విప్పాడు. లోపల గాలితాత టైరులోకి దిగుతున్నాడు. ఒక కాలు పట్టింది, రెండోది పట్టలేదు. మేనత్త భుజం పట్టుకుని కూలబడ్డాడు.

"తాతా, మధ్యలో మాట్లాడకూడదు" అంది పిడుగు.

"అలాగేనమ్మా."

"నేను పుట్టిన రోజు వాన" అని ఎత్తుకుంది పిల్ల. కిటికీలోంచి డ్రైవరుకు అక్షరం అక్షరం వినిపిస్తోంది. అతను అరచేతులు రుద్దాడు, వేళ్ల సందులు రుద్దాడు, గోళ్లు ఒక్కొక్కటే రుద్దాడు. కథ వంతెన దాటింది, నర్సమ్మ వచ్చింది, పాప పుట్టింది. పిడుగు అక్కడ ఆగింది. ఆ తరవాతి మాట ఆమెకు తెలియదు.

డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అప్పుడు మీ అమ్మ, నాన్న వచ్చాడా అని అడిగిందమ్మా" అన్నాడు. "చెప్పు. నేను అందిస్తాను, నువ్వు చెప్పు."

పంపు పోతూనే ఉంది. ఎవరు వదిలారని అతను అడగలేదు. టైరులో గాలితాత కళ్లు మూసుకుని, పెదవి కదపకుండా వింటున్నాడు.