మగ్గం దగ్గరికి రౌటర్

గద్వాలలో నెట్టు నడవకపోతే జనం మొదట టెలిఫోన్ ఆఫీసును తిడతారు, తర్వాత కరెంటును తిడతారు, నోరు నొప్పి పుట్టాక నా దుకాణానికి వస్తారు. మొదటే రండి, తిట్లన్నా మిగులుతాయని ఎన్నిసార్లు చెప్పానో! నా పేరు ముబషిరా. మా అబ్బా మహమూద్ రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసిన దుకాణంలోనే, 2009 నాటికి నేను కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నాను. "మగోళ్లెవరు లేరా?" అని అడిగేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు: "పని గావాల్నా, మగోడు గావాల్నా?" అలా అడిగినవాళ్లలో పని వద్దని వెనక్కి పోయినవాడు ఇంతవరకు లేడు.

ఆ రోజు పొద్దున్నే సీతారాములు కాక ఇంటి నుంచి కబురొచ్చింది. కాక పేరున్న నేతగాడు. ఆయన చీరలు బెంగళూరులో శారదమ్మ అనే ఆమె దుకాణానికి ఎన్నో ఏళ్లుగా పోతున్నాయి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదనే పోగుకు పోగు మెలేసి కలపాలి. ఆ కలిపిన చోటు చూసి ఇది ఫలానావాళ్ల చెయ్యి అని చెప్పేవాళ్లు కొందరుంటారు. శారదమ్మ ఆ బాపతు మనిషి.

అసలు సంగతేంటంటే, కాకకు చూపు మందగించి కుడి చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి మగ్గంలో కూర్చుంటున్నది ఆయన కోడలు భూలక్ష్మి. చీరలు మాత్రం సీతారాములు పేరు మీదనే పోతున్నాయి. వీధిలో అందరికీ తెలిసిన విషయమే, ఎవరూ నోరు విప్పరు. పేరు ఇంటి పెద్దది, పని ఇంట్లోవాళ్లది అన్నట్టు నడిచిపోతుంది. ఆ మాట తలుచుకుంటే భూలక్ష్మి కంటే నాకే ఎక్కువ ఒళ్లు మండేది.

మొన్న పంపిన చీరలు చూసి శారదమ్మ ఫోన్ చేసిందట. "ఇది నీ చెయ్యి కాదు సీతారాములు. పవర్‌లూమ్ చీరలు కొని నీ పేరు పెట్టి పంపుతున్నావా? మగ్గం మీద నేస్తుంటే నా కళ్లకు చూపించు. లేదంటే ఇక పంపకు" అన్నదట. గురువారం నాడు కంప్యూటర్‌లో ముఖాముఖి మాట్లాడుకుందామని కూడా ఆమే చెప్పింది. ఇది ఆ గురువారమే.

ఆ ఇంటికి ఈ కంప్యూటర్ కొత్తేమీ కాదు. భూలక్ష్మి భర్త సాయినాథ్ చీరల మూట పట్టుకుని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాల చుట్టూ తిరుగుతాడు. అక్కడి నెట్టు సెంటర్లలో కూర్చుని, మగ్గం మీద చీర ఎంతవరకొచ్చిందో దుకాణదార్లకు బొమ్మలో చూపించేవాడు. అందుకోసం వీధి గదిలో రౌటర్, వెనక మగ్గం గదిలో దాని సిగ్నల్‌ను అందుకుని ముందుకు తోసే ఎక్స్‌టెండర్ పెట్టె నేనే బిగించాను. రెండూ ఒకే కంపెనీవి కాబట్టి ముచ్చటగా పనిచేశాయి. మొన్న గాలివానలో పిడుగు పడి ఫోన్ తీగ వెంట వచ్చి రౌటర్‌ను కాల్చేసింది. టెలిఫోన్ ఆఫీసువాళ్లు కొత్తది ఇచ్చారు. దానితో ఈ పాత పెట్టె మాట కలపనంటోంది. ఇదీ పరేషాన్.

నేను పోయేసరికి కాక తెల్లటి ధోవతి కట్టుకుని, వీధి గదిలో ఫోను స్టాండు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. చూడబోతే పెళ్లిచూపులకు కూర్చున్నట్టుంది.

"రా బిడ్డా. వెనక దాంక నెట్టు రాదంట గద. మంచిదే. ఈన్నే కూసోని ఆమెతోని మాట్లాడ్త. చీర జూపిస్త, అయిపాయె."

ఆయన గొంతులో దిగులు మచ్చుకైనా లేదు. నెట్టు రాకపోవడమే ఆయనకు మేలయిందని నాకప్పుడే అర్థమైంది. మగ్గం చూపించాలంటే అందులో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వస్తుంది మరి.

వాకిట్లో భూలక్ష్మి రంగు వేసిన నూలు చిలపలను తీగ మీద ఆరేస్తోంది. నన్ను చూసి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ముబషిరా, ఎట్లనన్న జేసి మగ్గం కాడికి తే. మిషన్ చీర అన్నదంట. ఒక్కొక్క పోగు నా యేలు మీదికెల్లి పోయింది. ఆమె నన్ను జూడాలె. ఒక్కసారి జూస్తె సాలు."

ఆమె అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. "తెస్త వదినా. తేకుంటె నా దుకాణం బోర్డు పీకేస్త" అన్నాను. అన్నానంటే నాకు అనుమానం లేకనే. పనిలో నేను తల వంచాల్సిన యంత్రం ఇంకా తయారు కాలేదు.

మగ్గం గదిలో పెట్టె ఎర్ర దీపం పెట్టుకుని ముఖం ముడుచుకుని ఉంది. ముందు రౌటర్ పేరు, పాస్‌వర్డ్ అనే తాళం మాట దానికి కొత్తగా చెప్పాను. ఒప్పుకోలేదు. కొత్త రౌటర్ అడిగేది కొత్త రకం తాళం. ఈ పెట్టె పుట్టినప్పుడు అలాంటి తాళమే లేదు. సరే, రౌటర్‌ను పాత రకం తాళానికి దించాను. పచ్చ దీపం వెలిగింది, నేను లేచి నిలబడేలోపే ఆరింది. తాళమే తీసేసి తలుపు బార్లా తెరిచాను. కలిసింది, కానీ బొమ్మ కదిలించబోతే తెగిపోయింది. ఈ పెట్టె తన కంపెనీ రౌటర్‌తో తప్ప ఎవరితోనూ నిలకడగా కాపురం చెయ్యదని తేలిపోయింది. కోపం వచ్చి ఒక్కటి తగిలించాను కూడా. దానివల్ల పని కాదు, మనసుకు మాత్రం బాగుంటుంది.

రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా లాగే పొడుగు వైరు నా దగ్గర లేదు, కర్నూలు నుంచి రావాలి. మామూలు ఫోన్ వైరైతే దుకాణంలో చుట్టలు చుట్టలుగా ఉంది. ఆ మాట తట్టగానే నా నెత్తి నేనే కొట్టుకున్నాను. పెట్టె సంగతి వదిలేసి, రౌటర్‌నే మగ్గం గదికి తీసుకుపోతే సరి! ఫోన్ తీగ ఎంత దూరం పోతే రౌటర్ అంత దూరం పోతుంది.

వీధి గదికి వెళ్లి కాకకు చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"ఫోను ఈడికెల్లి కదలది. ఇంటికొచ్చినోళ్లు సూసేదే ఈ ఫోను. దాన్ని తీస్కపోయి మగ్గం గుంట కాడ పెడ్తవా?"

"ఫోను ఈన్నే ఉంటది కాకా. తీగ ఒక్కటే పోతది, రౌటర్ పోతది."

"ఏదీ పోవద్దు. నేను జెప్పిన గద, ఈన్నే మాట్లాడ్త."

భూలక్ష్మి గడప అవతల నిలబడి వింటోంది. చేతిలో ఉన్న తడి నూలును పిండుతూనే ఉంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంకో మాట అనబోతుంటే కంప్యూటర్ మోగింది.

తెర మీద శారదమ్మ కనిపించింది. నుదుటి మీద పెద్ద బొట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆమె తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది. కాక నమస్కారం పెట్టి, పక్కన సిద్ధంగా ఉంచుకున్న చీర మడత విప్పాడు.

"చీర నా దగ్గర కూడా ఉందప్పా. మగ్గం ఎల్లి? మగ్గం చూపించు."

"మగ్గం వెనకున్నదమ్మా. ఈ నెట్టు అంత దూరం రాదంట. మిషన్ బాగలేదు."

"మిషన్ బాగలేదా?" ఆమె నవ్వింది. "చీర నేసిన మిషన్ బాగానే ఉన్నట్టుంది కదా."

కాక చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఏ పెద్దమనిషి వచ్చి ఎన్ని మాటలన్నా పడేవాడేమో కానీ, మిషన్ అన్న మాటను ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"అమ్మా, జరసేపు ఆగి మల్ల జెయ్యి. మగ్గం జూపిస్త." నా వైపు తిరిగాడు. "వైరు ఏడున్నది? తీస్కరా. ఉరుకు!"

ఉరకడం నా వంతు, వైరు లాగడం అందరి వంతు. కాక స్టాండు జరిపి గోడకున్న ఫోన్ డబ్బా నాకు చూపించాడు. నేను తీగలు మెలేసి టేపు చుట్టాను. భూలక్ష్మి ఆరేసిన చిలపలను పక్కకు జరిపి, వైరును బట్టల తీగ మీదుగా అవతలికి అందించింది. కంప్యూటర్‌ను మగ్గం పక్కకు చేర్చి, కిటికీలో రౌటర్ పెట్టి వెలిగించాను. దీపాలన్నీ పచ్చగా, బుద్ధిగా వెలిగాయి. పాత పెట్టెను పీకి మూలన పడేశాను. నాకు తెలిసిన సుఖాల్లో ఇదొకటి.

"ఇగ కూసో వదినా" అన్నాను.

భూలక్ష్మి కొంగు బిగించింది. ఇంతలో కాక అడ్డం వచ్చాడు.

"నేను కూసుంట. ఆమె జూడాలన్నది నా చెయ్యి. పేరు నాది."

"మామా" అంది భూలక్ష్మి. "మగ్గం మీదున్న చీర నేను మొదలువెట్టింది. నడుమల నీ చెయ్యి పడితె తెలుస్తది."

ఇది నేతవాళ్ల ఇంట్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అడ్డంగా పేక పోగు వేశాక పలక లాగి కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో రకం. అందుకే ఒకరు మొదలుపెట్టిన చీరలో ఇంకొకరు కూర్చోరు. కూర్చుంటే చెయ్యి మారిన చోట గీత పడుతుంది. భూలక్ష్మికి ఆ సంగతి నేర్పిందే కాక. అయినా గుంటలోకి దిగి కూర్చున్నాడు. నాకైతే చెయ్యి పట్టి లేపాలనిపించింది. ఏం చేస్తాను, పరాయి ఇల్లు.

అవతలి అంచు దగ్గర పోగు చుట్టిన నాడె అందించే సత్యమ్మ, పక్కింటి మనిషి, ఎప్పటిలాగే వచ్చి ఎదురు కూర్చుంది. భూలక్ష్మి వంక చూసి, తల దించుకుంది. భూలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడింది. ఇంత తంటాలు పడి మగ్గం దగ్గరికి నెట్టు తెచ్చింది ఆమె గోడకు ఆనుకోవడానికేనా?

శారదమ్మ మళ్లీ వచ్చింది. నేను కెమెరా చేత్తో పట్టుకుని మగ్గం మీదికి వంచాను. కాక నాడె విసిరాడు. సత్యమ్మ అంచు నాడె అందించింది. పోగు మెలేసి, పలక లాగి కొట్టాడు. వణికే చెయ్యి ఆ ఊపులో కొంత కుదురుకుంది. ఎంత లేదన్నా పాత చెయ్యి. శారదమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. నాలుగు వేళ్ల మందం నేత సాగింది.

"సాకు, ఇక చాలు" అంది. "అమ్మాయీ, బల్బు చీర కిందికి పెట్టు. కెమెరా పైనుంచి పట్టుకో. ఇంకా దగ్గరకు."

భూలక్ష్మి మగ్గం మీద వేలాడే బల్బును తీగ పట్టి లాగి గుంటలోకి వంగి, చీర కింద పెట్టింది. కింది నుంచి వెలుతురు పడగానే చీర మొత్తం బయటపడింది. పాత నేత అంతా ఒక్క తీరుగా, దట్టంగా ఉంది. దాని పైన కాక నేసిన పట్టీ వదులుగా, వెలుతురు కారుతూ కనిపించింది. రెంటి నడుమ గీత పెన్నుతో గీసినట్టుంది. నేత రాని నాకే కనిపిస్తే ఆమెకు కనిపించదా?

"ఈ గెరె, ఈ గీత చూశావా సీతారాములు?" అంది శారదమ్మ. గొంతు పెంచలేదు. "పైన నేసింది నువ్వు. ఈ చెయ్యి నాకు తెలుసు, ఎన్నేళ్లు చూశానో. కింద నేసింది వేరే మనిషి. మొన్న నువ్వు పంపిన చీరలన్నీ ఆ చెయ్యే. మిషన్ కాదు, ఒప్పుకుంటున్నా. మరి ఆ మనిషిని నాకెందుకు చూపించవు?"

కాక పలక మీద చెయ్యి పెట్టి, ఆ గీతను చూస్తూ కూర్చున్నాడు. ఎవరో కొట్టినట్టు కాదు, ఎప్పుడో తెలిసిన మాట మళ్లీ విన్నట్టు కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులూ గుంట గట్టు మీద ఆనించి మెల్లగా పైకి లేచాడు. సత్యమ్మ చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

"దిగు బిడ్డా" అన్నాడు కోడలితో. "ముందుగాల నా పోగులు ఇప్పెయ్. చీర ఖరాబైతది."

భూలక్ష్మి గుంటలో కూర్చుంది. మామ నేసిన పోగులను ఒక్కొక్కటిగా వెనక్కి లాగింది. మామూలుగా విప్పేటప్పుడు నేతగాళ్లు విసురుగా లాగుతారు. ఆమె అలా లాగలేదు, ఒక్క పోగు కూడా తెగకుండా తీసి పక్కన పెట్టింది. గీత దాకా వచ్చి ఆగింది. నాడె తీసుకుంది. సత్యమ్మ ముఖం విప్పారింది. నాడె ఇటు, నాడె అటు, పలక దెబ్బ. ఆ చప్పుడే వేరు.

"సరిగ్గా ఇదే" అంది శారదమ్మ. "ఎవరమ్మా నువ్వు?"

భూలక్ష్మి అలవాటుగా మామ వైపు చూసింది. ఆయన కిటికీ దగ్గర, రౌటర్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె కెమెరా వైపు తిరిగింది.

"భూలక్ష్మినమ్మా. మామ నేర్పిండు. నేసేది నేనే."

అవతల శారదమ్మ ఏదో అడగబోయింది. అంతలో కాక నా భుజం తట్టాడు.

"ముబషిరా, గా కెమెరా జర పైకెత్తు. చేతులే కనబడ్తున్నయ్. నా కోడలి మొకం కనబడ్తలేదు."